ఒక్క ఆటా మానని మనిషి

మా మేనల్లుడు నాతో మాట్లాడి ఇవాల్టికి 19 రోజులు.

పదమూడేళ్ల పిల్లాడు. మా తమ్ముడి కొడుకు. కెనడాలో, ఒంటారియోలో ఉంటారు వాళ్లు. ఆదివారం రాత్రి మనకి తొమ్మిదిన్నర, అంటే వాళ్లకి పొద్దున పదకొండు అయ్యేసరికి ఠంచనుగా ఫోన్ చేసేవాడు. "అత్తా, తిన్నావా" అని మొదలుపెట్టి అరగంట కబుర్లు. మూడు ఆదివారాలుగా ఆ ఫోన్ లేదు. మా తమ్ముడు చేస్తే, వెనక వాడి గొంతు వినిపిస్తుంది. నేను "వాడికివ్వరా" అంటే "స్నానం చేస్తున్నాడక్కా" అంటాడు. మూడు వారాలూ అదే వేళకి స్నానం.

మా ఇద్దరి మధ్య గొడవకి కారణం ఎవరో చెబితే మీరు నవ్వుతారు. 1926లో చనిపోయిన ఒక ఐస్ హాకీ ఆటగాడు. పేరు జార్జ్ వెజినా.

ఐస్ హాకీ సంగతి నాకేం తెలుస్తుంది చెప్పండి. రాజమండ్రిలో పుట్టి, రాజమండ్రిలోనే కాపురం చేస్తున్నదాన్ని. ఐస్ అంటే నాకు తెలిసింది ఫ్రిజ్‌లో ట్రేలో గడ్డకట్టేదే. మావాడు ఆ ఆటలో గోల్‌కీపర్. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న గోల్ ముందు నిలబడి, మంచు మీద జారుకుంటూ దూసుకొచ్చే రబ్బరు బిళ్లని ఆపాలి. దాన్ని పక్ అంటారు. మన అప్పడాల కర్రతో వత్తిన చిన్న పూరీ అంత ఉంటుంది గానీ, అంగుళం మందం, రాయిలా గట్టి. మొదటిసారి వీడియోలో చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. "తలకి తగిలితేనో?" అంటే, "హెల్మెట్ ఉంది కదత్తా" అని నవ్వాడు.

పోయిన ఏడాది వాళ్ల స్కూల్లో, కెనడాకి చెందిన ఒక గొప్ప మనిషి గురించి మాట్లాడమన్నారట. వీడు వెజినాని ఎంచుకున్నాడు. మాట్లాడే ముందు నా మీద సాధన చేశాడు, ఫోన్లో, వాడికొచ్చిన తెలుగులో. అలా పరిచయం అయ్యాడు నాకు ఆ మనిషి. ఆ తర్వాత నేను కూడా చదివాను. నాది తెలుగు బి.ఏ., ఇంగ్లీషు చదవడం కాస్త నిదానం. మా అమ్మాయి పక్కన కూర్చుని సాయం చేసింది. ఒక ఆటగాడి గురించి ఇంత చదవడం నా జన్మలో ఇదే మొదలు.

మీకూ చెప్తాను, వినండి. అది చెబితేగానీ నా గొడవ మీకు అర్థం కాదు.

క్యూబెక్ రాష్ట్రంలో సాగనే అనే నది ఒడ్డున షికూటిమి అని ఒక చిన్న ఊరు. మాంట్రియల్ నగరానికి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఫ్రెంచ్ మాట్లాడే జనం. ఆ ఊళ్లో రొట్టెలు కాల్చి అమ్మే ఒకాయనకి ఎనిమిది మంది పిల్లలు. కడసారివాడు జార్జ్, 1887 జనవరిలో పుట్టాడు. పద్నాలుగేళ్లకి చదువు మానేసి నాన్న బేకరీలో సాయానికి కుదిరాడు. వీధిలో పిల్లలతో హాకీ ఆడేవాడు, అదీ మామూలు బూట్లతోనే. మంచు మీద జారే స్కేట్లు కాళ్లకి కట్టుకున్నది కాస్త పెద్దయ్యాకే. మావాడు ఈ ముక్క చెప్పినప్పుడు వాడి కళ్లు చూడాలి. "నేను అయిదేళ్లకే స్కేటింగ్ మొదలెట్టానత్తా! ఆయన అంత ఆలస్యంగా!"

అప్పుడప్పుడే డబ్బు తీసుకుని హాకీ ఆడటం మొదలైన కాలం అది. అంతకుముందు డబ్బు ముట్టుకుంటే తప్పు, మర్యాదస్తులు సరదాకి ఆడాలి అనేవారు. అమెరికాలో, మిషిగన్ వైపు, 1904లో ఆటగాళ్లకి బాహాటంగా జీతాలిచ్చే లీగ్ ఒకటి పుట్టింది. తర్వాత కెనడాలోనూ తలుపులు తెరుచుకున్నాయి. సైక్లోన్ టేలర్ అనే ఆటగాడికి 1909-10లో రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి జట్టు, ఒక్క చలికాలానికి 5,250 డాలర్లు ఇచ్చింది. ఆ కాలానికి అది కళ్లు తిరిగే డబ్బు. అందరికీ అంత రాలేదు లెండి. చాలామంది చలికాలం ఆడి, ఎండలు రాగానే ఎవరి పనికి వాళ్లు వెళ్లేవారు. వెజినా కూడా అంతే. ఆట లేని నెలల్లో షికూటిమి వెళ్లి తోళ్లు శుద్ధి చేసే కార్ఖానా చూసుకునేవాడు.

మాంట్రియల్ కెనేడియన్స్ అనే జట్టు అప్పుడే కొత్తగా పుట్టింది. 1910 ఫిబ్రవరిలో వాళ్లు షికూటిమి వచ్చి ఊరి జట్టుతో ఒక స్నేహపూర్వక ఆట ఆడారు. డబ్బు తీసుకుని ఆడేవాళ్లు ఒకవైపు, ఊరి కుర్రాళ్లు ఒకవైపు. గెలిచింది ఊరి కుర్రాళ్లు. గోల్ ముందు నిలబడ్డ ఆ బేకరీ అబ్బాయిని దాటి పక్ లోపలికి వెళ్లనే లేదంటారు. కెనేడియన్స్ గోల్‌కీపర్ జోసెఫ్ కాటరినిచ్, ఈ అబ్బాయిని తీసుకోండి అని తన జట్టుకి తనే సిఫారసు చేశాడట. తన చోటు పోతుందని తెలిసీ చెప్పాడు. నాకు ఈ కథలో బాగా నచ్చిన వాళ్లలో ఆయనొకడు.

ఆ ఏడాది చివర్లో వెజినా మాంట్రియల్ వెళ్లాడు. వెంట అన్నదమ్ముడు పియర్ కూడా వెళ్లాడు గానీ ఆయన్ని తీసుకోలేదు. 1910 డిసెంబర్ 31న వెజినా మొదటి ఆట ఆడాడు, ఒట్టావా జట్టు మీద. ఓడిపోయారు. కానీ ఆ రోజు గోల్ ముందు నిలబడ్డవాడు పదిహేనేళ్ల పాటు అక్కడినుంచి కదల్లేదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. లీగ్ ఆటలు వరసగా 320కి పైగా, అవి కాక కప్పు కోసం ఆడే ఆటలు మరో 39. ఒక్కటి కూడా మానలేదు. ముఖానికి ముసుగు లేదు. గోల్‌కీపర్లు ముసుగు అలవాటుగా పెట్టుకోవడం 1959లో జాక్ ప్లాంట్ అనే ఆయనతో మొదలైంది, అదీ ముఖం చీరుకుపోయి కుట్లు పడ్డాక. మొదట్లో గోల్‌కీపర్లు కాళ్లకి కట్టుకున్నవి మన క్రికెట్ ప్యాడ్లే. పైగా 1918 వరకు, పక్‌ని ఆపడానికి గోల్‌కీపర్ మంచు మీద పడకూడదని నియమం. పడితే శిక్ష. నిలబడే ఆపాలి. నియమం మారాక కూడా వెజినా ఎక్కువగా నిలబడే ఆడేవాడు.

ఆయనకి ఒక ముద్దుపేరు ఉండేది, షికూటిమి దోసకాయ అని. మనకి నవ్వొస్తుంది గానీ, చల్లగా నిదానంగా ఉండే మనిషిని వాళ్లు దోసకాయతో పోలుస్తారట. మన భాషలో నిండు కుండ తొణకదు అంటామే, అదన్నమాట. ఎదురుగా నలుగురు దూసుకొస్తున్నా మొహంలో ఏ మార్పూ ఉండేది కాదట. అలసట గానీ, నొప్పి గానీ, భయం గానీ ఎవరికీ కనబడేవి కావు.

ఆ జట్టుతో ఆయన రెండుసార్లు స్టాన్లీ కప్ గెలిచాడు, 1916లో ఒకసారి, 1924లో ఒకసారి. మధ్యలో 1919లో సియాటిల్ వెళ్లి ఆడుతుంటే ఇన్‌ఫ్లుయెంజా వచ్చిపడింది. జట్టులో చాలామంది మంచాన పడ్డారు. ఆఖరి ఆట ఆగిపోయింది. జో హాల్ అనే తోటి ఆటగాడు అక్కడే ఆసుపత్రిలో చనిపోయాడు. వెజినా వాళ్లతోనే ఉన్నాడు. ఆ తర్వాత ఏడాది కూడా అన్ని ఆటలూ ఆడాడు.

ఇక నా బుర్రలోంచి పోని సంగతి ఇప్పుడు చెప్తాను.

ఆయన భార్య పేరు స్టెల్లా మోరాన్. 1908 జూన్‌లో, ఆయనకి ఇరవై ఒకటో ఏట పెళ్లయింది. ఇద్దరు కొడుకులు. రెండోవాడు, ఈయన జట్టు స్టాన్లీ కప్ గెలిచిన రాత్రే పుట్టాడట, 1916లో. అందుకే వాడి పేరులో స్టాన్లీ అని కలిపారు. ఊళ్లో అందరూ కప్పు గురించి మాట్లాడుకుంటుంటే స్టెల్లా పురుడు పోసుకుంటోంది. ఇది చదివి మా అమ్మాయీ నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

అసలు విషయం అది కాదు. జట్టు యజమానుల్లో లియో డాండ్యురాండ్ అని ఒకాయన ఉండేవాడు, మాటకారి. పత్రికల వాళ్లతో ఆయన ఒకసారి, మా వెజినాకి ఇంగ్లీషు రాదు, 22 మంది పిల్లలు, తొమ్మిదేళ్లలో పుట్టారు, మూడుసార్లు ముగ్గురేసి కవలలు అని చెప్పాడట. సరదాకి అన్నాడో, ప్రచారం కోసం అన్నాడో. ఆ మాట ఏళ్ల తరబడి నిజమై తిరిగింది. ఆయన పోయాక కూడా 22 మంది పిల్లల తండ్రి అని రాశారు. తొమ్మిదేళ్లలో 22 మంది! ఒక్క ఆడదాన్ని అడిగి ఉంటే, ఇది జరిగే పనేనా అని అక్కడే తేల్చేసేది. మావాడు నాకు ఇది జోకుగా చెప్పాడు. నేనూ నవ్వాను. తర్వాత అంట్లు తోముతుంటే గుర్తొచ్చి నవ్వు రాలేదు. ఆయన మౌనంగా ఉండేవాడు, కాబట్టి ఆయన గురించి ఎవరేం చెప్పినా చెల్లిపోయింది. ఆమె సంగతి ఇక చెప్పక్కర్లేదు. మాట్లాడని మనిషి మీద లోకం తనకి నచ్చిన కథ రాసుకుంటుంది.

ఇక ముగింపు. 1924-25లో ఆయన వయసు 38. అంత వయసులో ఆయన ఆట ఎప్పటికంటే బాగుంది. సగటున ఆటకి రెండు గోల్స్ కూడా ఇవ్వలేదు. ఆ తర్వాతి చలికాలం మొదలయ్యేసరికి మనిషి చిక్కిపోయాడు. కొద్ది వారాల్లో 35 పౌండ్లు, అంటే దాదాపు పదహారు కిలోలు తగ్గిపోయాడు. 1925 నవంబర్ 28, పిట్స్‌బర్గ్ జట్టుతో మొదటి ఆట. ఒంట్లో 102 డిగ్రీల జ్వరం. అయినా దిగాడు. మొదటి భాగం అంతా నిలబడ్డాడు, ఒక్క గోల్ ఇవ్వలేదు. విరామంలో లోపలికి వెళ్లి రక్తం కక్కుకున్నాడు. మళ్లీ వచ్చి గోల్ ముందు నిలబడ్డాడు. రెండో భాగం మొదలైన కాసేపటికి కూలిపోయాడు. ఇంకో గోల్‌కీపర్ వచ్చి మిగతా ఆట పూర్తి చేశాడు.

మర్నాడు డాక్టర్లు చెప్పారు, క్షయ అని. డిసెంబర్ 3న ఆఖరిసారి జట్టు గదికి వచ్చాడు. తన మూలలో కూర్చుని, తన పాత ప్యాడ్లని, స్కేట్లని చూసుకుంటూ ఏడ్చాడని, కిందటిసారి కప్పు ఆటల్లో వేసుకున్న స్వెట్టర్ ఒక్కటి ఇమ్మని అడిగాడని డాండ్యురాండ్ తర్వాత చెప్పాడు. ఊరెళ్లిపోయాడు. 1926 మార్చి 27న షికూటిమి ఆసుపత్రిలో పోయాడు. 39 ఏళ్లు.

క్షయకి అప్పట్లో మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, అంతే. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం కూడా ఆ కాలానిదే. మా నాయనమ్మ ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. కాబట్టి ముందే ఆట ఆపి ఉంటే ఆయన బతికేవాడని నేను అనడం లేదు. అది నాకు తెలిసిన విషయం కాదు. కానీ పదహారు కిలోలు తగ్గిపోయిన మనిషి ఎవరికీ కనబడకుండా ఎలా ఉంటాడు? అందరూ చూసే ఉంటారు. పదిహేనేళ్లుగా ఒక్కరోజూ తప్పని మనిషి కదా, ఈ రోజూ నిలబడతాడులే అనుకుని ఉంటారు. ఆయనా అలాగే అనుకున్నాడేమో. ఆ రోజుల్లో మామూలుగా జట్టుకి ఒక్కడే గోల్‌కీపర్. రెండోవాణ్ణి సిద్ధంగా కూర్చోబెట్టి తీరాలన్న నియమం వచ్చింది 1960ల మధ్యలో.

మావాడు ఈ ముగింపు చెప్పేటప్పుడు వాడి గొంతులో బాధ లేదండీ. గర్వం. "102 జ్వరంతో ఆడాడత్తా! ఒక్క గోల్ ఇవ్వలేదు! అందుకే ఆయన పేరు మీద ట్రోఫీ పెట్టారు." నిజమే. ఆయన పోయాక జట్టు యజమానులు వెజినా ట్రోఫీ అని ఇచ్చారు. ఇప్పటికీ ఏటా మంచి గోల్‌కీపర్‌కి అదే ఇస్తారు. మావాడి గదిలో గోడ మీద ఆ ట్రోఫీ బొమ్మ ఉంది.

నేను "అవున్రా, గొప్పవాడు" అన్నాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే నాకు రెండేళ్ల కిందటి సంక్రాంతి గుర్తొచ్చింది.

ఇక్కడ క్రమం తప్పకుండా చదివేవాళ్లకి కూడా ఈ సంగతి నేను చెప్పలేదు. చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. అప్పటికి ఏడాదిగా నాకు నెలసరి మామూలుగా రావడం లేదు. వస్తే పది రోజులు. మెట్లు ఎక్కితే ఆయాసం. గోళ్లు తెల్లగా పాలిపోయాయి. ఎవరైనా అడిగితే "ఏం లేదు, కాస్త నీరసం" అనేదాన్ని. మా అత్తగారు వచ్చినవాళ్లందరితో "మా కోడలు ఇన్నేళ్లలో ఒక్కరోజు పడుకుని ఎరగదు" అని చెప్పేవారు. ఆవిడ మెచ్చుకోలుగానే అనేవారు. నాకూ బాగుండేది. ఒళ్లు నొప్పులున్న రోజు ఆ మాట గుర్తు చేసుకుని లేచేదాన్ని. ఆ మాట నిలబెట్టుకోవాలి కదా.

భోగి ముందు రోజు అరిసెలు. పాకం నేనే పట్టాలి, ఇంట్లో ఇంకెవరికీ కుదరదు అని నా నమ్మకం. మా తోటికోడలు నూనెలోంచి తీసి ఇస్తుంటే నేను చెక్కలతో ఒత్తుతున్నాను. పదిహేనో పదహారో అయ్యాయి. చేతిలో చెక్క జారింది. తర్వాత నాకు గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు. హిమోగ్లోబిన్ 5.8. గర్భసంచిలో గడ్డలు. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి, ఆ తర్వాత ఆపరేషన్ చేశారు. డాక్టరమ్మ మా వారిని అడిగింది, "ఇంత తెల్లగా పాలిపోయిన మనిషిని ఇంట్లో ఎవరూ చూడలేదా?" అని. ఆయన తల దించుకున్నారు. నాకు ఆయన మీద జాలేసింది. చూడనివ్వలేదు కదా నేను. ఎవరైనా చెయ్యి వేయబోతే "మీరు వెళ్లండి, నేను చూసుకుంటా" అన్నది నేనే. మా ఇంటికి ఒక్కతే గోల్‌కీపర్ అని నిర్ణయించింది నేనే.

సరే, ఇక గొడవ దగ్గరికి వద్దాం.

కిందటి నెల ఒక బుధవారం మధ్యాహ్నం మావాడి దగ్గర్నుంచి ఫోన్. ఆదివారం కాదు, పైగా వాళ్లకి అర్ధరాత్రి దాటింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. "అత్తా, నీకొక్కదానికే చెప్తున్నా. అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి." వేశాను. తొడ మొదట్లో నొప్పట. నెలకి పైగా ఉందట. మోకాళ్ల మీద వాలి కాళ్లు చాపి పక్ ఆపినప్పుడల్లా పొడుచుకొస్తోందట. వాళ్లమ్మ మందుల డబ్బాలోంచి నొప్పి బిళ్లలు తీసి వేసుకుంటున్నాడట. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్ చేశాడు. "మూడు వారాల్లో పెద్ద టోర్నమెంట్ ఉందత్తా. చెప్తే ఆడనివ్వరు."

"ఆడకపోతే ఏమవుతుందిరా?" అన్నాను.

"టీమ్‌లో ఇంకో గోలీ ఉన్నాడు. వాడికి నా ప్లేస్ ఇచ్చేస్తారు." కాసేపు ఆగి అన్నాడు, "వెజినా ఒక్క గేమ్ కూడా మానలేదు తెలుసుగా."

నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. ఒట్టేశాను. పదమూడేళ్లవాడు అంత దూరం నుంచి నమ్మి నాకు చెప్పాడు, వాళ్లమ్మకి చెప్పుకోలేనిది. ఇప్పుడు నేను చెప్పేస్తే, ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పడు. చెప్పకపోతే, వాడు బిళ్లలు మింగుతూ ఆడతాడు. వాడికి నొప్పి దాచుకోవడం గొప్పతనమని చెప్పిందెవరు? ఆ రోజు "గొప్పవాడు" అని ఊరుకున్న నేను కూడా కదూ.

ఆ సాయంత్రం, అక్కడ తెల్లవారాక, మా మరదలికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

డాక్టర్ చూశాడు. కండరం దెబ్బతింది, ఆరు వారాలు ఆట వద్దు, వ్యాయామాలు చేయించాలి అన్నాడు. మందుల డబ్బాకి తాళం పడింది. టోర్నమెంట్‌లో ఆ రెండో కుర్రాడు ఆడాడు. బాగా ఆడాడట కూడా. మావాడు బెంచీ మీద కూర్చుని చూశాడు. నాకు మాత్రం ఒక్క మెసేజ్ పెట్టాడు: "నువ్వు ఒట్టేశావు." అంతే. అప్పటినుంచి 19 రోజులు.

నేను వాడికి ఒక పెద్ద మెసేజ్ పెట్టాను. మా అరిసెల కథ అంతా రాశాను, వాడికి అర్థమయ్యే మాటల్లో, హిమోగ్లోబిన్ అంకెతో సహా. నువ్వు వెజినా ఆఖరి ఆట గురించి చెప్పావు, ఆయన కంటే ముందు కాటరినిచ్ అని ఒకాయన ఉన్నాడు కదా, తన చోటు ఇంకొకడికి ఇమ్మని తనే చెప్పినవాడు, ఆయన గురించీ ఒకసారి ఆలోచించు నాన్నా అని రాశాను. తర్వాత ఆ కాటరినిచ్చే ఆ జట్టు యజమానుల్లో ఒకడయ్యాడు. వెజినా పేరు మీద ట్రోఫీ ఇచ్చిన ముగ్గురిలో ఆయనా ఉన్నాడు. ఆ ట్రోఫీ మొదటి మూడేళ్లూ గెలుచుకున్నది ఎవరో తెలుసా? జార్జ్ హేన్స్‌వర్త్. వెజినా చోట్లో నిలబడడానికి వచ్చినవాడు.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఒట్టు తప్పడం మంచిదేనా అని నన్ను అడిగితే, కాదనే చెప్తాను. వాడి నమ్మకం పోగొట్టుకున్నాను, అది మళ్లీ వస్తుందో రాదో తెలియదు. మళ్లీ అలాంటి బుధవారమే వస్తే మళ్లీ ఆ ఫోన్ చేస్తాను. ఈసారి మాత్రం ముందే ఒట్టు వెయ్యను.

ఇదంతా మొన్న శనివారం రాసి పెట్టుకున్నాను, పోస్ట్ చెయ్యలేదు. వాడి కథ వాణ్ణడక్కుండా పెట్టడం ఇంకో తప్పు అవుతుందని. "నీ పేరు లేకుండా రాశాను, పెట్టొద్దంటే పెట్టను" అని మెసేజ్ చేశాను. నిన్న రాత్రి జవాబొచ్చింది. అత్తా అని లేదు, బాగున్నావా అని లేదు. రెండే రెండు ముక్కలు.

"పెట్టుకో. నీ బ్లడ్ టెస్ట్ ఎప్పుడు?"

మూడు నెలలకోసారి చేయించుకోమంది డాక్టరమ్మ. ఆ సంగతి కూడా మెసేజ్‌లో రాశాను కాబోలు, గొప్పగా. తారీకు చూసుకుంటే, ఆఖరుసారి చేయించుకుని ఏడు నెలలైంది. పిల్ల పరీక్షలు, అత్తగారి కంటి ఆపరేషన్, ఇంటికి రంగులు, ఏదో ఒకటి. ఆ పిల్లాడికి ఏం జవాబివ్వను? ఉన్నదున్నట్టు రాశాను, ఏడు నెలలైందిరా అని.

రేపు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తున్నాను. ఏమీ తినకుండా రావాలా అని కూడా అడగలేదు, ముందు వెళ్తాను. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంది. వాళ్లే వేసుకుంటారు.